ఉప్పునీటి తుంపర - ఉబ్బసపు కళ్లె



మాగాయ పెట్టేటప్పుడు మీరు చూసే ఉంటారు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేసి మూత పెడితే, మూడో రోజుకల్లా ముక్కలు ఊటలో తేలుతుంటాయి. మనం ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు. ఆ నీళ్ళన్నీ ముక్కల్లోంచి వచ్చినవే. ఒకవైపు ఉప్పు ఎక్కువ, మరోవైపు తక్కువ ఉంటే నీరు ఎక్కువ ఉన్న వైపుకు నడుస్తుంది. బడిలో మేము దీన్ని ద్రవాభిసరణం అని చెబుతాం. ఈ సూత్రంతోనే ఉబ్బసం రోగి ఊపిరిగొట్టాల్లో పట్టేసిన కళ్లెను కదిలించవచ్చునా అని వైద్యులు పరీక్షిస్తూ వచ్చారు. ఈనాటి ప్రసంగం దాని గురించే.

ఉబ్బసాన్ని మరాఠీ వాళ్ళు దమా అంటారు, కన్నడిగులు దమ్ము అంటారు. పేరేదైనా లోపల జరిగేది ఒకటే. ఊపిరిగొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. గొట్టం లోపలి పొర వాస్తుంది. ఈ రెండూ కాక, చిక్కటి కళ్లె గొట్టంలో అడ్డుపడుతుంది. మొదటి రెండింటి గురించి డాక్టర్లు చెబుతూనే ఉంటారు. మూడోదాన్ని మనమూ, ఒకప్పుడు వైద్యశాస్త్రమూ కాస్త చిన్నచూపు చూశామనే చెప్పాలి. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకుల ఆధ్వర్యంలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. 146 మంది ఉబ్బసం రోగుల ఊపిరితిత్తులను సీటీ స్కాన్‌లో చూస్తే, సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట కళ్లె బిరడాలాగా బిగిసి ఉంది. ఎసినోఫిల్ అనే తెల్లకణాలు విడిచే ఒక పదార్థం వల్ల కళ్లె పోగులు ఒకదానికొకటి ముడిపడి, బంకలాంటిది కాస్తా రబ్బరులా తయారవుతుందని కూడా వారు చూపించారు.

మామూలు మనిషిలో కూడా కళ్లె ఉంటుంది. ఉండాలి కూడా. దుమ్మూ ధూళీ దానికి అంటుకుంటే, గొట్టం గోడల మీది సన్నటి కేశాలు వరిచేను గాలికి ఊగినట్టు ఊగుతూ దాన్ని గొంతు దాకా తోసుకొస్తాయి. మనకు తెలియకుండానే మింగేస్తాం. ఆ కళ్లె పలచగా ఉన్నంతసేపే ఈ పని సాగుతుంది. గట్టిపడితే కేశాలు దాన్ని నెట్టలేవు.

ఇక్కడే ఉప్పునీరు ప్రవేశిస్తుంది. ఆసుపత్రిలో సెలైన్‌గా ఎక్కించే నీటిలో ఉప్పు 0.9 శాతం. సముద్రపు నీటిలో సుమారు 3.5 శాతం. ఇంతకన్నా ఘాటైన, 7 శాతం ఉప్పునీటిని సన్నటి తుంపరగా చేసి పీలిస్తే, గొట్టం గోడలోని నీరు ఊటలాగా పైకి వచ్చి కళ్లెను నానబెడుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో ఇది గట్టిగా రుజువైంది. సముద్రపు అలల మీద పలకలతో ఆడే ఈ జబ్బు పిల్లల ఊపిరితిత్తులు కాస్త మెరుగ్గా ఉండటం ఆస్ట్రేలియా వైద్యుల కంట పడింది. 2006లో అక్కడ 164 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. రోజుకు రెండుసార్లు 4 మిల్లీలీటర్ల చొప్పున 48 వారాలు పీల్చారు. సగం మందికి 7 శాతం ఉప్పునీరు, మిగతా సగానికి మామూలు సెలైన్. ఘాటు నీరు పీల్చినవారిలో 76 శాతం మందికి ఆ కాలమంతా జబ్బు ముదరలేదు. రెండో జట్టులో అలాంటివారు 62 శాతం.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఉప్పగా ఉంటే ఎవరికి ఏది ఇచ్చారో నాలుకకే తెలిసిపోతుంది కదా! అందుకని రెండు నీళ్ళలోనూ చేదు క్వినైన్ కలిపారు. పరీక్ష అంటే అంత జాగ్రత్త ఉండాలి.

మరి అదే నీటిని ఉబ్బసం వాళ్ళకు ఇచ్చేస్తే పోదా? అక్కడే చిక్కు. ఘాటైన ఉప్పునీరు ఉబ్బసం ఉన్న గొట్టాలకు తగిలితే, అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి పదార్థాలను విడుస్తాయి. కండరం బిగుసుకుంటుంది, ఆయాసం మొదలవుతుంది. ఇది ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, మనిషికి ఉబ్బసం ఉందా లేదా అని తేల్చడానికే 4.5 శాతం ఉప్పునీటి తుంపరను వాడతారు. సిడ్నీలో శాండ్రా ఆండర్సన్ బృందం ఈ పద్ధతిని పెంపొందించింది. ఒక్క సెకనులో ఊదగలిగే గాలి 15 శాతం తగ్గితే ఉబ్బసం ఉన్నట్టు లెక్క. అంటే కళ్లెను కరిగించవలసిన మందే జబ్బును రెచ్చగొట్టే నిప్పురవ్వ కూడా.

కాబట్టి ఉబ్బసంలో పరీక్షలన్నీ ఒక కట్టడిలో నడుస్తాయి. ముందు సాల్బుటమాల్ పీల్పించి గొట్టాలు తెరుచుకునేలా చేస్తారు. గాలి ఊదించి కొలుస్తారు. తుంపర పీల్చాక మళ్ళీ కొలుస్తారు. పడిపోతే ఆపేస్తారు. కళ్లె నిజంగా కదిలిందో లేదో చూడటానికి, అతి కొద్ది రేడియోధార్మికత కలిపిన రేణువులను పీల్పించి, అవి ఎంత త్వరగా బయటికి వస్తున్నాయో గామా కెమెరాతో లెక్కిస్తారు. సిడ్నీలోనే 1996లో ఈవాంజెలియా డావిస్కాస్ బృందం ఇలా చూసి, ఉబ్బసం ఉన్నవారిలోనూ లేనివారిలోనూ ఘాటు ఉప్పునీటితో కళ్లె త్వరగా కదిలిందని తేల్చింది.

కానీ గంటసేపు కెమెరా ముందు కళ్లె కదలడం వేరు, ఏడాది పొడుగునా రాత్రుళ్ళు నిద్ర పట్టడం వేరు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో జరిగినటువంటి గట్టి రుజువు ఉబ్బసంలో లేదు. అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు దీన్ని రోజువారీ చికిత్సగా సూచించడం లేదు. ఉబ్బసం ఋతువును బట్టి తనంతట తానే పెరిగి తగ్గే జబ్బు. చలికాలంలో ఏ మందు మొదలుపెట్టినా, ఎండలు వచ్చేసరికి అదే తగ్గించినట్టు కనిపిస్తుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాదుకు చేపమందుకు రైలెక్కే మన బంధువులు "మా వాడికి తగ్గింది" అన్నప్పుడు నాకు ఎప్పుడూ వచ్చే సందేహం ఇదే: మందు తీసుకోని పక్కింటి అబ్బాయికి ఎలా ఉందో ఎవరు చూశారు? పోలిక లేనిదే పరీక్ష కాదు.

ఇక మన ఇళ్ళ సంగతి. "ఉప్పు వేసిన నీళ్ళు మరిగించి ఆవిరి పట్టిస్తున్నాను, అదీ ఇదీ ఒకటే కదా సార్" అని ఒక విద్యార్థి తల్లి నన్ను అడిగింది. ఒకటి కాదమ్మా. గంజాం జిల్లాలోనో, నౌపడాలోనో ఉప్పుమళ్ళు చూసినవారికి ఈ విషయం చెప్పనక్కర్లేదు. ఎండకు నీరు పైకి పోతుంది, ఉప్పు మడిలోనే ఉండిపోతుంది. గిన్నెలోనూ అంతే. ఆవిరిలో ఉప్పు ఉండదు. గొంతుకు కాస్త వెచ్చగా ఉంటుందేమో గాని, పిల్లల ముందు మరిగే గిన్నె పెడితే ఒళ్ళు కాలే ప్రమాదం మాత్రం తప్పకుండా ఉంటుంది. నెబ్యులైజర్ చేసే పని వేరు. అది నీటిని ఆవిరి చేయదు, ఉప్పుతో సహా కంటికి కనిపించని తుంపరలుగా చిమ్ముతుంది. అలాగని వంటింటి ఉప్పు కలిపి ఆ యంత్రంలో పోయకండి. అందులో సూక్ష్మక్రిములు ఉండవచ్చు, ఘాటు ఎంతో మీకు తెలియదు, గొట్టాలు మూసుకుపోతే ఇంట్లో దిక్కు ఉండదు. మందుల షాపులో దొరికే 3 శాతం ఉప్పునీటి సీసాలను కూడా, ఉబ్బసం ఉన్న పిల్లవాడికి డాక్టరు చెప్పకుండా పట్టించకూడదు.

ఇన్‌హేలరు అలవాటైపోతుందని భయపడి దాన్ని మానేసి ఇలాంటివి వెతికేవారున్నారు. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలరు గొట్టం వాపునూ, ఇందాక చెప్పిన ఎసినోఫిల్ కణాలనూ తగ్గిస్తుంది. కళ్లె బిరుసెక్కడానికి మూలం అక్కడే ఉంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, నోటిపూత రాకుండా ఉంటుంది.

సరిహద్దులో ఉన్న మనకు ఇంకో ఇబ్బంది. డాక్టరుగారి భాష వేరు. కళ్లె, తెమడ అంటే ఆయనకు అర్థం కాకపోవచ్చు. తమిళంలో సళి అనండి. కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో కఫం అన్నా తెలుస్తుంది. ఆ కఫం పలచగా వస్తోందా, జిగటగా దారాల్లా వస్తోందా, రంగేమిటి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, నీలం ఇన్‌హేలరు వారానికి ఎన్నిసార్లు వాడవలసి వస్తోంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలరు పీల్చినా తగ్గకపోయినా కాగితం కోసం వెతకకండి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కూడా నీలం ఇన్‌హేలరు పీలుస్తూనే ఉండండి.