క్రియాంతంలో మర్యాద: జూలూరుపాడు ప్రాంత భాషా వ్యవహారం – ఒక పరిశీలన

తెలుగులో మర్యాద అంటే ‘గారు’, ‘అండి’, ‘మీరు’ వంటి మాటల ఎంపిక అనుకోవడం పరిపాటి. నిజానికి అందులో పెద్ద భాగం క్రియాపదం చివర ఉంటుంది. కర్త లింగవచనాలను బట్టి క్రియ మారడం వ్యాకరణ నిర్మాణానికి సంబంధించిన విషయం. ఆ రూపాల్లో దేనిని ఎవరి పట్ల వాడాలన్నది సమాజం చేసే నిర్ణయం. అందరి మాతృభాషా ఒకటే అయిన ఊళ్లో ఈ రెండూ వేర్వేరని ఎవరికీ తోచదు. భిన్న నిర్మాణాలున్న భాషలు పక్కపక్కన బతికే చోట ఆ తేడా బయటపడుతుంది.

జూలూరుపాడు అటువంటి చోటు. ఖమ్మం మైదానం ముగిసి కొత్తగూడెం అడవులు మొదలయ్యే దారిలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మం జిల్లాలోది. ఆనాటి నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోది. ఈ ప్రాంతం నిజాం పాలనలో ఉండగా గోదావరికి ఆవలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. తూర్పు గోదావరి జిల్లా నుంచి అది ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అందువల్ల ఈ సరిహద్దులో తెలంగాణ తెలుగు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల తెలుగు, కోయ, లంబాడీ ఒకే సంతలో వినిపిస్తాయి.

తెలుగు క్రియ ఏకవచనంలో పురుషుణ్ణి వేరుచేసి, స్త్రీని పశుపక్ష్యాదులతోనూ వస్తువులతోనూ కలుపుతుంది: ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’. బహువచనంలో ఈ గీత జరుగుతుంది. స్త్రీపురుషులిద్దరూ ‘వచ్చారు’, ఆవులు మాత్రం ‘వచ్చాయి’. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు, మహతి, అమహత్తు అన్న విభజన ఈ వ్యవస్థను వివరించేదే. మహతీవాచకం ఏకవచనంలో అమహత్తుతోనూ, బహువచనంలో మహత్తుతోనూ నడుస్తుంది. (గ్రాంథికంలోని ‘వచ్చెను’ మూడింటికీ ఒకటే కావడం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. వ్యావహారిక రూపాల్లోనే ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది.)

గౌరవం కోసం సమాజం ఈ బహువచనాన్నే అరువు తెచ్చుకుంది. ‘ఆయన వచ్చారు’ అన్నప్పుడు పురుషుడి విషయంలో మారేది వచనం ఒక్కటే. ‘ఆవిడ వచ్చారు’ అన్నప్పుడు వచనంతో పాటు వర్గం కూడా మారుతుంది. అప్పటిదాకా అమహత్తుతో కలిసి నడిచిన స్త్రీ మనుషుల వరుసలోకి వస్తుంది. ‘అది వచ్చింది’ అన్న వాక్యం చనువుకూ సరిపోతుంది, చిన్నచూపుకూ సరిపోతుంది. అదే వాక్యం దూడకూ సరిపోతుంది. వ్యాకరణానికి స్త్రీల పట్ల చిన్నచూపు ఉందని దీన్నుంచి తేల్చడం తొందరపాటే అవుతుంది. అయితే మర్యాద కావాలంటే స్త్రీ రెండు మెట్లు ఎక్కాలి, పురుషుడికి ఒకటి చాలు అన్నది మాత్రం నిర్మాణంలోనే ఉంది. సర్వనామాల్లో అధికారం, ఆత్మీయత ఎలా వ్యక్తమవుతాయో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో వివరించారు. వారి చర్చ ఐరోపా భాషల్లో ఎదుటివ్యక్తిని సంబోధించే రూపాలకు సంబంధించినది. తెలుగులో ఎదుట లేని మనిషిని గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే లెక్క తప్పదు.

ఈ లెక్క తెలుగువాళ్లందరికీ ఒకటి కాదు. తెలంగాణ పల్లెలో ‘ఆయన వచ్చిండు’ అనడంలో అమర్యాద లేదు. గౌరవమంతా ‘ఆయన’లోనే ఉంది, క్రియ ఏకవచనంలో ఉన్నా లోటు రాదు. పెద్దవారిని వరుసపెట్టి పిలుస్తూ ‘మామా, నువ్వెప్పుడొచ్చినవ్?’ అనడం అక్కడ సహజం. ‘ఆయన వచ్చారు’, ‘మీరెప్పుడొచ్చారు’ అన్న వాడుకకు అలవాటుపడిన చెవికి ఇవే వాక్యాలు మొరటుగా తోచవచ్చు. ఆ రెండో వాడుక పాఠ్యపుస్తకానిదీ కార్యాలయానిదీ కావడంతో దానికే ‘సభ్యత’ అన్న పేరు స్థిరపడింది.

కోయ విషయం ఇంతకన్నా లోతైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం నాలుగు లక్షలకు పైగా మంది మాతృభాషగా చెప్పుకున్న ఈ భాష గోండీకి దగ్గరి ద్రావిడ భాష. స్టీఫెన్ టైలర్ రాసిన కోయ వ్యాకరణం 1969లో వెలువడింది. కోయ వ్యవస్థలో పురుషులు ఒక వర్గం, మిగిలినవన్నీ మరొక వర్గం; బహువచనంలోనూ ఇదే విభజన. అంటే తెలుగులో బహువచనంలో జరిగే గీత కోయలో కదలదు. కోయ మాతృభాషగా పెరిగిన పిల్లవాడు తన నిర్మాణాన్నే అనుసరించి తెలుగులో ‘అమ్మలు వచ్చినయి’ అంటే వినేవారికి అది అన్వయదోషంగా వినిపించదు. తల్లులను పశువుల్లో కలిపినట్టు వినిపిస్తుంది. ‘వాడు వచ్చింది’ అంటే తెలుగు రాదని నవ్వి ఊరుకుంటారు. ‘అమ్మలు వచ్చినయి’ అంటే మర్యాద తెలియదని మందలిస్తారు. రెండూ లింగాన్వయ భేదాలే. మొదటిది భాషగా, రెండోది ప్రవర్తనగా లెక్కకు రావడానికి కారణం తెలుగు సమాజం ఆ క్రియాంతం మీద ఉంచిన విలువ.

లంబాడీ ఇండో ఆర్యన్ భాష, అందులో పుంలింగం, స్త్రీలింగం రెండే. స్త్రీ అమహత్తుతో కలిసే ప్రసక్తి లేదు. కాబట్టి తండా నుంచి వచ్చే పిల్లల ఇబ్బంది మరో రకమైనది. దాన్ని కోయ పిల్లల ఇబ్బందితో కలిపి ‘గిరిజన యాస’ అనేయడం శాస్త్రీయం కాదు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కోయ, లంబాడీ సహా ఎనిమిది భాషలకు చోటు దొరికింది. తెలుగు లిపిలో మాతృభాషా వాచకాలు రావడం చిన్న విషయం కాదు. ఇంటి భాష నుంచి తెలుగుకు దాటేటప్పుడు పదాల పట్టికతో పాటు అన్వయం కూడా పాఠం కావాలి. కోయలో స్త్రీలు ఏ వరుసలో ఉంటారు, తెలుగులో ఒకరైతే ఎక్కడ, ఇద్దరైతే ఎక్కడ అన్నది నల్లబల్ల మీద రెండు నిలువు గీతల మధ్య చూపించగల విషయం. ‘వచ్చినయి’ పక్కన ‘వచ్చిండ్రు’ రాసి, మొదటిది పిల్లవాడి ఇంట్లో తప్పు కాదని చెప్పడానికి ఉపాధ్యాయుడికి కోయ ధారాళంగా రానవసరం లేదు, ఆ గీత ఎక్కడుందో తెలిస్తే చాలు.