ఊపిరిలో చేరి గుండెను దెబ్బతీసే ధూళి

చలికాలం రాగానే టీవీల్లో ఢిల్లీ గాలి గురించిన వార్తలు మొదలవుతాయి. బడులకు సెలవులు, ఆగిపోయిన నిర్మాణాలు, మాస్కులు కట్టుకున్న జనం కనిపిస్తారు. హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని చూసేవారికి 'మన దగ్గర నయం' అనిపిస్తుంది. ఢిల్లీతో పోల్చితే నయమే. ఆ నయం ఒంటికి సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

2024లో 'లాన్సెట్ ప్లానెటరీ హెల్త్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. దేశంలోని పది నగరాల్లో 2008-2019 మధ్య నమోదైన దాదాపు 36 లక్షల మరణాలను ఆయా రోజుల గాలిలోని సన్నని ధూళితో పరిశోధకులు సరిపోల్చి చూశారు. ఈ ధూళి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన హద్దు దాటడం వల్ల ఆ పది నగరాల్లో ఏటా సుమారు 33 వేల మంది చనిపోతున్నారని తేలింది. అందులో ఢిల్లీ వాటా దాదాపు 12 వేలు. హైదరాబాదు వాటా సుమారు 1,600. అంటే ఇక్కడి మరణాల్లో నూటికి అయిదుకు పైనే.

ఇంత పని చేస్తున్న ధూళిని శాస్త్రవేత్తలు పీఎం 2.5 అంటారు. రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నగా ఉండే కణాలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. తల వెంట్రుక మందంలో ఇవి ఇరవయ్యో వంతో ముప్ఫయ్యో వంతో ఉంటాయి. లారీ వెళ్లినప్పుడు కళ్లలో పడే దుమ్ము చాలావరకు ఇంతకన్నా ముతక. సన్నని ధూళి ఎక్కువగా మంట నుంచి పుడుతుంది. డీజిల్ ఇంజన్లు, బొగ్గు బాయిలర్లు, ఇటుక బట్టీలు, కట్టెల పొయ్యిలు, వీధి చివర తగలబెట్టే చెత్త, అన్నీ దాన్ని వదులుతాయి. కొంత భాగం గాలిలోనే తయారవుతుంది. పొగగొట్టాల నుంచి వచ్చే గంధక, నత్రజని వాయువులు, పశువుల పేడ నుంచి, ఎరువుల నుంచి లేచే అమ్మోనియా కలిసి సన్నని కణాలుగా మారతాయి. అందుకే పొగ ఎక్కడా కనిపించని రోజున కూడా గాలిలో ఈ ధూళి ఉండొచ్చు.

ముతక దుమ్మును ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. మిగిలింది దగ్గులోనో చీమిడిలోనో బయటికి పోతుంది. సన్నని కణాలు ఈ కాపలాను దాటి ఊపిరితిత్తుల అడుగున, ఆక్సిజన్ రక్తంలో కలిసే గాలి గదుల దాకా వెళతాయి. అక్కడ చీమిడి పొర ఉండదు, తుడిచిపెట్టే వ్యవస్థ కూడా బలహీనం. రక్షణ కణాలు వాటిని మింగబోయి వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. ఆ రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. మరీ సన్నని కణాలైతే తామే రక్తంలోకి జారుకోగలవు. దాంతో రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, బీపీ ఎక్కుతుంది, ధమనుల్లో ఉన్న కొవ్వు పూడిక మరింత ముదురుతుంది.

కాబట్టి కాలుష్యం అనగానే ఆస్తమా, దగ్గు మాత్రమే గుర్తు రావడం సగం చిత్రమే. ఈ ధూళి వల్ల పోయే ప్రాణాల్లో పెద్ద వాటా గుండెపోటుది, పక్షవాతానిది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఈ జాబితాలో ఉంది. బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే చేర్చింది. గర్భిణుల్లో నెలలు నిండకముందే కాన్పులకు, పుట్టే బిడ్డల తక్కువ బరువుకు కూడా దీనితో సంబంధం కనిపిస్తోంది.

గుండెపోటుకు పొగాకు, షుగరు, కొలెస్ట్రాల్ వంటి కారణాలెన్నో ఉండగా గాలి పాత్రను విడదీయడం ఎలా? దీనికి దారి చూపింది అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు. ఆరు ఊళ్లలో ఎనిమిది వేల మందికి పైగా పెద్దలను 14 నుంచి 16 ఏళ్ల పాటు గమనించి, వారి సిగరెట్ అలవాటు, వయసు, బరువు, చదువు అన్నీ లెక్కలోకి తీసుకుని 1993లో ఫలితాలు ప్రకటించారు. గాలి బాగా చెడ్డ స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు శుభ్రమైన పోర్టేజ్ కంటే 26 శాతం ఎక్కువ. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలు ఇదే దిశను చూపాయి.

మన చెంతనే ఇంకో ఆధారం ఉంది. హైదరాబాదు శివార్లకు ఆనుకుని ఉన్న 28 పల్లెల్లో వేల మందిని పరీక్షించారు. మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ ఎంత మందంగా ఉందో కొలిచారు. సన్నని ధూళి ఎక్కువగా పీల్చేవారిలో, ముఖ్యంగా 40 దాటినవారిలో, ఆ గోడ మందం పెరిగినట్టు 2019లో వెల్లడైంది. గుండెపోటుకీ పక్షవాతానికీ అది తొలి మెట్టు. మరుసటి ఏడాది అదే పల్లెల నుంచి ఎముకల గట్టిదనం తగ్గుతోందన్న ఫలితం కూడా వచ్చింది. ఆ పల్లెల్లో సన్నని ధూళి సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. మన దేశం ఏడాది సగటుకు పెట్టుకున్న ప్రమాణం 40. అంటే కాగితం మీద వాళ్లు పీల్చేది ప్రమాణానికి లోబడిన గాలే.

ఇక్కడే మన కొలబద్దను కాస్త పరికించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు ఏడాది సగటుకు 5, రోజుకు 15 మైక్రోగ్రాములు. 2009 నాటి మన ప్రమాణాలు 40, 60. ఫోన్లో కనిపించే జాతీయ వాయు నాణ్యతా సూచీ కూడా ఈ పునాది మీదే కట్టింది. ఆ సూచీలో పీఎం 2.5 రోజంతటి సగటు 30 దాకా ఉన్నా 'బాగుంది' అనే వస్తుంది. 60 దాకా 'సంతృప్తికరం'. పచ్చ రంగు చూసి మనం ఊపిరి పీల్చుకునే రోజున కూడా ధూళి ప్రపంచ హద్దుకు రెట్టింపు ఉండొచ్చన్నమాట.

పది నగరాల అధ్యయనంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి దీనికి ముడిపడి ఉంది. ధూళి పెరిగేకొద్దీ మరణాల ముప్పు ఒకే వేగంతో పెరగదు. తక్కువ స్థాయిల్లోనే ముప్పు వేగంగా ఎగబాకి, బాగా ఎక్కువ స్థాయిల్లో ఆ వేగం మందగిస్తుంది. ప్రతి 10 మైక్రోగ్రాముల పెరుగుదలకు ఢిల్లీలో కన్నా బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో మరణాలు ఎక్కువ శాతం పెరగడం ఇందువల్లే. దీన్ని తిరగేసి చూస్తే ఆశ కూడా కనిపిస్తుంది. మధ్యస్థంగా చెడిన గాలి ఉన్న మన నగరాల్లో కొద్దిగా ధూళి తగ్గించినా దక్కే ప్రాణాలు ఎక్కువ.

దురదృష్టం ఏమిటంటే, మన ప్రయత్నం ఎక్కువగా ముతక దుమ్ము మీదే సాగుతోంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాదు, విశాఖ, విజయవాడ వంటి మన నగరాలూ ఉన్నాయి. నగరాల ప్రగతిని అందులో ప్రధానంగా కొలుస్తున్నది పీఎం 10తో, అంటే ముతక కణాలు కూడా కలిసిన లెక్కతో. ఖర్చయిన నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే పోయిందని, పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా దక్కలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తేల్చింది. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు కంటికి కనబడతాయి కాబట్టి పని జరిగినట్టే ఉంటుంది. చెత్తకుప్పకు నిప్పు పెట్టకుండా ఆపడం, పాత డీజిల్ బండ్లను తప్పించడం, బస్సులు పెంచడం, బాయిలర్ల ఇంధనం మార్పించడం వంటివి కష్టమైన పనులు. గుండెకు మేలు చేసేవి అవే.

ఎవరికి వారు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున చల్లటి గాలి నేలకు అంటుకుని ఉండి ధూళిని పైకి పోనివ్వదు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ఆ రోజుల్లో నడకను ఎండెక్కాక, పెద్ద రోడ్డుకు దూరంగా పెట్టుకోవడం మేలు. మొహానికి బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు సన్నని ధూళిని ఆపుతుంది, చేతిరుమాలు ఆపదు. తలుపులు మూసిన గదిలో దోమల కాయిల్, అగరువత్తులు కూడా ఇదే ధూళిని నింపుతాయి. అయితే బస్టాపులో నిలబడేవారు, రోడ్డు పక్క బండి పెట్టుకునేవారు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు వేళలు చూసుకుని గాలి పీల్చలేరు. వాళ్ల కోసం గాలినే మార్చాలి. కాబట్టి మన కార్పొరేషన్‌ను ఎన్ని కిలోమీటర్లు ఊడ్చారని కాదు, నిరుటికన్నా పీఎం 2.5 ఎంత తగ్గించారని అడుగుదాం.