దక్షిణాఫ్రికా విప్పేసిన ఆరు బాంబులు

దక్షిణాఫ్రికా రహస్యంగా ఆరు అణుబాంబులు తయారుచేసిందనీ, వాటన్నింటినీ అప్పటికే విప్పేసిందనీ 1993 మార్చి 24న అధ్యక్షుడు ఎఫ్.డబ్ల్యూ. డి క్లర్క్ పార్లమెంటులో వెల్లడించేదాకా లోకానికి తెలియలేదు. సొంతంగా తయారుచేసుకున్న అణ్వాయుధాలను పూర్తిగా వదులుకున్న దేశం ఇదొక్కటే. ఉక్రెయిన్, బెలారస్, కజకిస్థాన్ వదులుకున్నవి సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనప్పుడు ఆ నేలమీద మిగిలిపోయిన ఆయుధాలు.

వర్ణవివక్షను చట్టంగా పాటించి ప్రపంచానికి వెలి అయిన ప్రిటోరియా పాలకులకు, 1975లో సోవియట్ అండతో క్యూబా సైన్యం అంగోలాలో దిగడం పెద్ద భయమైంది. 1977 ఆగస్టులో కలహారి ఎడారిలోని పరీక్షాస్థలాన్ని సోవియట్ ఉపగ్రహం పసిగట్టడంతో అక్కడి ఏర్పాట్లు ఆగిపోగా, నవంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆయుధాల అమ్మకాలపై నిషేధం విధించింది. అయినా బాంబుల పని ఆగలేదు. ప్రిటోరియాకు సమీపంలోని వలిందబలో యురేనియాన్ని శుద్ధి చేశారు. అంటే సహజ యురేనియంలో నూటికి ఒక వంతైనా లేని 235 రకం పరమాణువుల వాటాను బాంబుకు సరిపడేంతగా పెంచారు. అలా సిద్ధమైన రెండు ముక్కల్లో ఒకదాన్ని తుపాకీ గొట్టంలాంటి దానిలో రెండోదానిపైకి పేల్చితే విస్ఫోటం జరిగే ఈ పద్ధతి హిరోషిమా బాంబుదే.

ఈ బాంబులు ఎవరిమీద వేయడానికన్న ప్రశ్నకు వచ్చే జవాబు గమనించదగినది. ఆయుధం ఉందో లేదో తేలనివ్వకపోవడం, ముప్పు ముదిరితే అమెరికాకు రహస్యంగా తెలియజేయడం, అదీ చాలకపోతే బహిరంగంగా పరీక్షించడం అన్నదే వారి వ్యూహం. శత్రువును కాల్చడంకన్నా అగ్రరాజ్యాన్ని తమ రక్షణకు రప్పించడమే అందులోని అసలు ఉద్దేశం.

1988 డిసెంబరు ఒప్పందంతో క్యూబా సైన్యం వెనుదిరగడానికీ, నమీబియా స్వతంత్రం కావడానికీ దారి ఏర్పడి, ప్రచ్ఛన్నయుద్ధమూ ముగింపుకు వచ్చేసరికి ఆ భయానికి ఆధారం పోయింది. రాబోయే నల్లజాతి మెజారిటీ ప్రభుత్వం చేతికి బాంబులు చేరకూడదన్న ఆలోచన కూడా వాటిని విప్పేయాలన్న నిర్ణయం వెనుక ఉందని పలువురు పరిశీలకుల అభిప్రాయం. అది నిజమైతే అందులో వివక్ష ఉన్నమాటా కాదనలేనిదే, అయినా ఆ బాంబులు లేకుండా పోవడం ఆఫ్రికాకు మేలే చేసింది.

1991 జులైలో దక్షిణాఫ్రికా అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరాక, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు శుద్ధిచేసిన యురేనియం లెక్కలను కర్మాగారపు పాత ఉత్పత్తి రికార్డులతో ఓపికగా సరిచూశారు. కలహారిలోని పరీక్షా బావులను 1993లో పూడ్చేశారు. ఆఫ్రికాను అణ్వాయుధ రహిత ప్రాంతంగా నిలిపే ఒప్పందంపై 1996లో దేశాలు సంతకాలు చేసినప్పుడు, దానికి దక్షిణాఫ్రికా అణు పరిశోధనా కేంద్రం ఉన్న పెలిందబ పేరే పెట్టారు.