సెంద్ర : వేటయు సభయు

జంషెడ్‌పూరు నగరమునకు ఉత్తరమున, సువర్ణరేఖానదికి ఆవల, దల్మా కొండలు గలవు. సుమారు 193 చదరపు కిలోమీటర్ల ఈ అడవి 1976లో వన్యప్రాణి అభయారణ్యమైనది. ఏనుగులకు ఇది ప్రసిద్ధమైన నెలవు. 2001లో ఏర్పడిన సింహభూమి గజసంరక్షణ క్షేత్రమున ఇదియు నొక భాగము. ఏటేటా వేసవిలో సంతాలులు, హోలు, ముండాలు, భూమిజులు విల్లంబులు, బల్లెములు ధరించి ఈ కొండ నెక్కుదురు. ఈ ఆచారమునకు సెంద్ర యని పేరు.

సంతాలీ, ముండారీ, హో భాషలు మూడును ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబమునందలి ముండా శాఖకు చెందినవి. వానియందు సెంద్ర యనగా వేట. పరభాషలలోనికి ఈ పదమును తెచ్చువారు సాధారణముగా ఇంతటితో విరమింతురు. కాని అనువాదమున జారిపోయిన అర్థ మింకొకటి కలదు. సంతాలుల సంప్రదాయమున ఏటి పెద్దవేట కూడిన చోటనే ‘లో బీర్’ అను మహాసభ జరిగెడిది. దానికి అధ్యక్షుడు దిహ్రి యను వేటపురోహితుడు. గ్రామసభలలో తేలని తగవులు అచట తీరెడివి. గ్రామపెద్దపైనను, పరగణా పెద్దపైనను సామాన్యుడు ఫిర్యాదు చేయవచ్చును. అనగా ఆ జాతికి అదియే అత్యున్నత న్యాయస్థానము. కావున సెంద్రలో మృగము నెదుట పెట్టుకొన్న వేట యొకటి, మనుష్యుల నెదుట పెట్టుకొన్న సభ యొకటి.

ఈ భేదము పండితుల వినోదమునకు మాత్రమే కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఆ నిషేధమునకు తగిన కారణము కలదు: వేసవిలో ఆకు రాలి అడవి పలుచబడును, నీరు మిగిలిన కొలది చెలమలకే మృగములు చేరును, వేటకాని కది సులభమైన సమయము. 2006 నాటి అటవీహక్కుల చట్టము సంప్రదాయపు వేటను హక్కులనుండి తొలగించినది. అయినను తమ అడవిని, వన్యప్రాణులను కాపాడు అధికారమును గ్రామసభలకే ఒసగినది. చట్టము వేటను కాదన్నది గాని, సభను కాదనలేదు. అధికారులు సెంద్రను వేటగా మాత్రమే ఎరిగి దారులు మూసినచో, ఆ సభయు నశించును. రక్షకులు కావలసినవారు నిందితులగుదురు.

తెలుగువారి కిట్టి విషయము కొత్తది కాదు. అహోబిలమున కనుమనాడు మొదలగు పారువేటలో నరసింహస్వామి దాదాపు 40 దినములు ఊరూర తిరుగును. చెంచులు తమ ఆడపడుచు చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామిని బావగా భావింతురు. వేట అచట ఉత్సవరూపము దాల్చినది. అయితే సామ్యము నొక మేరకే గ్రహింపవలెను. పారువేట దేవాలయ మాధారముగా నిలిచినది, వేటాడువాడు దేవుడు. సెంద్రకు దేవాలయము లేదు; జనసమూహమే దాని కాధారము.

కావున దల్మాలో చంపుట లేని సెంద్రను కోరువారు ముందుగా ఆ జనసమూహముతో మాటాడవలెను. అట్టి మార్పు అధికారుల ఆజ్ఞగా వచ్చినచో అది నిషేధమునకు మారుపేరగును. దిహ్రి యెదుట, సభలో, వారి భాషలో నిర్ణయమైనచో ఆచారమగును. ఏనుగునకు అడవి మిగులుటయు, సంతాలునకు సభ మిగులుటయు పరస్పర విరుద్ధములు కావు. ఆ పదమునందలి రెండర్థములను వేరుచేసి చూచినప్పుడే ఈ సంగతి స్పష్టమగును.