ఒత్తిడి పెరిగితే మెదడు ధమని ఎందుకు ముడుచుకుంటుంది?



కుళాయికి తగిలించిన రబ్బరు ట్యూబులో నీళ్లు జోరుగా వస్తే ట్యూబు ఉబ్బుతుంది కదా! మెదడులోని సన్న ధమనులు దీనికి వ్యతిరేకం. లోపల రక్తం ఒత్తిడి పెరిగితే అవి ముడుచుకుంటాయి. తగ్గితే వదులై వెడల్పవుతాయి.

ఇది ఎందుకు అవసరం? మెదడు మన బరువులో సుమారు 2 శాతమే. కానీ శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. రక్తం తగ్గితే కళ్లు తిరిగి పడిపోతాం. ఎక్కువైనా ప్రమాదమే. మెదడు గట్టి పుర్రెలో ఉంది, వాస్తే జరగడానికి చోటు లేదు. ఒత్తిడేమో రోజంతా ఒకేలాగ ఉండదు. పరుగెత్తితే పెరుగుతుంది, నిద్రలో తగ్గుతుంది.

మరి ధమని ఎట్లా ముడుచుకుంటుంది? దాని గోడలో నునుపు కండర కణాలు కడియాల్లాగ చుట్టుకొని ఉంటాయి. ఒత్తిడికి గోడ సాగుతుంది. సాగగానే కణం పొర మీది విద్యుత్తు మారి, కాల్షియం వచ్చే దారులు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి చేరితే కండరం బిగుస్తుంది. దారి వెడల్పు సగమైతే, అదే ఒత్తిడికి రక్తం 16వ వంతే పోతుంది. అందుకే కొంచెం బిగిస్తే చాలు.

ధమనులకు ఈ గుణం ఉందని ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం బేలిస్ 1902లో రాశాడు. జంతువులలో నరాలు తెంచి చూసినా రక్తనాళాలు ముడుచుకున్నాయి. తరువాతి వాళ్లు మెదడు ధమని ముక్కను బయటికి తీసి, గాజు గొట్టాలకు కట్టి, లోపల ఒత్తిడి పెంచారు. నరమూ లేదు, గుండే లేదు. అయినా అది ముడుచుకుంది! అంటే ఆ తెలివి గోడలోనే ఉంది.

పెద్దవాళ్లలో సగటు ఒత్తిడి సుమారు 60 నుండి 150 మిల్లీమీటర్ల పాదరసం వరకు మారినా మెదడుకు రక్తం ఇంచుమించు ఒకేలాగ అందుతుందని పుస్తకాల్లో ఉంది. అది దాటితే ధమని బిగింపు ఓడిపోతుంది.

ఇది ఎందుకు రాశానంటే, మా అవ్వకు బి.పి. ఉంది. "తల నొయ్యట్లేదు, మాత్రలెందుకే" అని మానేసింది. బి.పి. పెరిగినా అవ్వకు ఏమీ తెలియట్లేదంటే ఈ ధమనులు బిగించి కాపాడటం కూడా ఒక కారణం. కానీ ఏళ్ల తరబడి అట్లా బిగిస్తే గోడలు మందమై గట్టిపడతాయి. ఒకనాడు చిట్లినా, మూసుకుపోయినా పక్షవాతం వస్తుంది. అట్లాగే ఎక్కువ ఒత్తిడికి అలవాటైన మెదడుకు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినా రక్తం చాలదు. అందుకే డాక్టర్లు మెల్లగా తగ్గిస్తారు. నిన్న మానేశామని ఈరోజు రెండు మాత్రలు మింగకూడదు.

మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే. మాత్రల చీటీ నేనే చదివి, మా భాషలో అవ్వకు చెప్పాలి. మీలో చాలామంది ఇళ్లల్లో కూడా అంతే. సెలవులకు పోయినప్పుడు పెద్దవాళ్లను ఏ.ఎన్.ఎం. అక్క దగ్గరికి తీసుకెళ్లి బి.పి. చూపించండి. నొప్పి లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

— 9వ తరగతి విద్యార్థిని