గుండెమంట: గుండెది కాని బాధ

రాత్రి పదకొండు గంటలకు పని ముగించుకొని వచ్చి, అన్నం తిని, అరగంటలోనే నడుము వాల్చేవారు నగరాల్లో ఎందరో ఉన్నారు. వారిలో కొందరికి నడిరేయి ఛాతీ నడుమ మంట పుట్టి, పులితేన్పు గొంతు దాకా వచ్చి, మెలకువ వస్తుంది. తెలుగులో దీనిని గుండెమంట అంటారు గాని, ఈ మంటకు గుండెతో సంబంధం లేదు. అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకొని, వెంటనే బిగుసుకోవడం దాని పని. అది అకాలంగా సడలితే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆమ్లాన్ని తట్టుకొనే పొర జీర్ణాశయానికి ఉన్నది. అన్నవాహికకు అంతటిది లేదు. విందు తిన్ననాడు వచ్చే మంటకు కలవరపడనక్కరలేదు. వారానికి రెండుసార్లో, అంతకు మించియో వస్తుంటే వైద్యునికి చూపించుకోవాలి.

కారం మానితే చాలుననడం సగమే నిజం. ఆవకాయ అందరికీ అపకారం చేయదు; తనకు ఏది పడదో ఎవరికి వారే గమనించుకోవాలి. అంతకంటె ముఖ్యమైనది వేళ. భోజనానికీ పడకకూ నడుమ మూడు గంటల ఎడం ఉండాలి. షిఫ్టు పనివారు పనిచోటనే సాయంత్రం తృప్తిగా తిని, ఇల్లు చేరిన తరువాత స్వల్పంగా తీసుకోవడం మేలు. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేసుకోవాలి. తలకింద దిండ్లు మాత్రమే పేర్చితే నడుము వంగి పొట్టపై ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం ఉపకరిస్తుంది. పొగ మానడం, అధిక బరువు తగ్గడం సరేసరి.

నీటిలో కలుపుకొని తాగే పొడులు పుట్టిన ఆమ్లాన్ని కాసేపు అణచుతాయి, అంతే. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తాయి. వాటిని భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వాడరాదు. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని కలవాలి. రక్తపు వాంతి గాని, తారువలె నల్లని విరేచనం గాని అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యుని యెదుట ‘గ్యాస్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టరాదు. పొట్ట ఉబ్బరమూ, పులితేన్పూ, ఛాతీ నొప్పీ అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. మంటను కన్నడంలో ‘ఎదెయురి’, తమిళంలో ‘నెంజెరిచ్చల్’, మరాఠీలో ‘ఛాతీత జళజళ’ అంటారు. అది ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో కూడా చెప్పాలి.

ఛాతీపై బరువు పెట్టినట్లు నొక్కుతూ, నొప్పి ఎడమచేతికో దవడకో పాకుతూ, చెమట, ఆయాసం తోడైతే అది గుండెపోటు కావచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పి స్వల్పంగానే ఉండవచ్చు. అప్పుడు సోడా తాగి తగ్గుతుందేమోనని చూడరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ముందుగా ఈసీజీ తీస్తారు. అది కొద్ది నిమిషాల పని.