కదలని చేతికి చదువు

బిడ్డకు మెడ నిలిచినదా? బోర్లపడినదా? పట్టు లేక కూర్చుండుచున్నదా? రామగుండము బొగ్గుగనుల చెంతనున్న బసంత్‌నగర్‌లోనైనను, సముద్రములకు ఆవలి లండను నగరములోనైనను తల్లులు గమనించునవి ఇవియే. ఇట్టి పరిశీలననే జీవితకార్యముగా గైకొన్న స్త్రీ బెర్తా బోబాత్.

ఆమె 1907లో బెర్లిను నగరమున జన్మించెను. మొదట వ్యాయామశిక్షకురాలు. కండరములు ఎట్లు బిగియునో, ఎట్లు సడలునో ఆ వృత్తియందే నేర్చెను. నాజీల పాలనలో స్వదేశము విడిచి లండను చేరెను. 1943లో, పక్షవాతముచే ఒక ప్రక్క చచ్చుపడిన చిత్రకారునికి చికిత్స చేయుటకు ఆమెను పిలిచిరి. శరీరమును తగిన భంగిమలలో నిలిపి నెమ్మదిగా కదల్చగా, బిగుసుకొనిన అవయవములు సడలుట ఆమె కనిపెట్టెను. ఆ చిన్న పరిశీలనయే ఆమె మార్గమును నిర్ణయించెను.

ఎదుగుచున్న మెదడునకు దెబ్బ తగిలినచో బిడ్డ కదలికలును, నిలుకడయు చెడును. దీనిని సెరిబ్రల్ పాల్సీ అందురు. మెదడులోని ఆ దెబ్బ పెరుగదు. కాని తగిన శిక్షణ లేనిచో కాలుసేతులు వంకరలు తిరుగవచ్చును. బెర్తా తన భర్తయు వైద్యుడును అగు కారెల్ బోబాత్‌తో కలిసి 1951లో లండనులో చికిత్సాలయము స్థాపించెను. బిడ్డను ఎత్తుకొను తీరు, పట్టుకొను తీరు తల్లులకు నేర్పుట వారి పద్ధతిలో ముఖ్యభాగము. ఆ దంపతులు 1991లో మరణించునాటికి వారి పద్ధతి దేశదేశముల వ్యాపించెను.

అయితే శాస్త్రము గురువును గౌరవించును గాని, పరీక్షింపక విడువదు. 1997లో రాబర్ట్ పాలిసానో అను ఫిజియోథెరపీ పరిశోధకుడు సహచరులతో కలిసి, కూర్చుండు శక్తిని, నడచు శక్తిని బట్టి ఈ పిల్లలను 5 స్థాయిలుగా గుర్తించు కొలమానమును రూపొందించెను. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు అనేక అధ్యయనములను కూర్చి చూచిరి. చికిత్సకుడు బిడ్డ శరీరమును పట్టి కదల్చుటకంటె, గ్లాసు పట్టుటయో, మెట్టు ఎక్కుటయో బిడ్డయే స్వయముగా పలుమారు సాధన చేయుట మేలని తేలెను. పద్ధతి మారినది, ఓర్పుతో గమనింపవలెనన్న బెర్తా పాఠము మాత్రము నిలిచినది.

ఆ 2013లోనే మన దేశమున రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఆరోగ్యబృందములు సంవత్సరమునకు రెండుమారులు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లల ఎదుగుదలను పరీక్షింపవలెనని దాని నియమము. 9 నెలలు నిండినను కూర్చుండని తమ్ముడో చెల్లెలో ఇంటనున్నచో, "పెద్దయిన కొలది అదే సర్దుకొనును" అని ఊరకుండరాదు. లేత మెదడు త్వరగా నేర్చును. ఆలస్యమైన ప్రతి నెలయు ఆ బిడ్డకే నష్టము.